ఇసుకనేలపై వెలసిన చిత్రకళా గ్రామం

కుంచెను నమ్ముకొని బ్రతకడం సాధ్యమేనా? 1966లో మద్రాసు సమీపాన కొందరు యువ చిత్రకారులు, శిల్పులు ఈ ప్రశ్నకు తమ చేతులతోనే సమాధానం చెప్పారు.

చెన్నై నుంచి మహాబలిపురానికి సముద్రతీరం వెంబడి సాగే రహదారిపై ఇంజంబాక్కం అనే ఊరు ఉన్నది. ఒకప్పుడు బెస్తపల్లెలకూ, సరుగుడు తోపులకూ నిలయమైన ఈ ప్రాంతం ఇప్పుడు మహానగరంలో కలిసిపోయింది. దారి పొడుగునా భోజనశాలలు, విహార కేంద్రాలు, ఎత్తైన ప్రహరీల వెనుక సంపన్నుల భవనాలు. వీటన్నిటి నడుమ, చెట్ల నీడలో, ఆడంబరం లేని ఒక ఆవరణ ఉన్నది. అందులో అడుగుపెట్టిన వారిని ముందుగా పలకరించేవి ఆరుబయట నిలిచిన శిల్పాలు. కొన్ని రాతిలో మలచినవి, కొన్ని లోహాన్ని అతికి నిలబెట్టినవి. ఎండకు ఎండి, వానకు తడిసి, ఉప్పుగాలికి రంగు మారి అవి ఆ నేలలోనే మొలిచినట్లు కనిపిస్తాయి. వాటిని దాటి వెళితే ప్రదర్శనశాల. ఆ వెనుక ఇళ్ళు. ఆ ఇళ్ళలో చిత్రకారులు, శిల్పులు కాపురం ఉంటారు, పని చేసుకుంటారు.

ఇదే చోళమండలం కళాకారుల గ్రామం. మన దేశంలో కళాకారులు తమకు తాముగా నిర్మించుకున్న నివాసాలలో దీనికంటె పెద్దది మరొకటి లేదని ప్రతీతి. ఈ నేలను ఏ సంస్థానాధీశుడూ దానంగా ఇవ్వలేదు. ఏ ప్రభుత్వమూ పట్టా రాసి ఇవ్వలేదు. రుమాళ్ళమీద, చీరెలమీద, గోడకు వ్రేలాడదీసే గుడ్డలమీద మైనంతో బొమ్మలు వేసి, వాటిని అమ్మి, ఆ వచ్చిన డబ్బుతో కళాకారులే దీనిని కొనుక్కున్నారు.

పట్టా చేతికి వచ్చిన తరువాత

చోళమండలం కథ చెప్పాలంటే మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాల దగ్గర మొదలుపెట్టాలి. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు స్థాపించిన ఈ పాఠశాల మన దేశంలోని చిత్రకళా విద్యాలయాలలో అత్యంత ప్రాచీనమైన వాటిలో ఒకటి. తొలి రోజులలో దాని దృష్టి అంతా చేతిపనుల మీదనే. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌదురి అధ్యక్ష పదవిని స్వీకరించి, ఆ స్థానాన్ని అలంకరించిన మొదటి భారతీయుడు అయ్యాడు. మెరీనా తీరాన బండరాయిని కదలించడానికి ప్రాణాలొడ్డి పెనుగులాడుతున్న శ్రామికుల విగ్రహాన్ని మలచినవాడు ఆయనే. ఆంధ్రదేశం నుంచి అంట్యాకుల పైడిరాజు వంటివారు వెళ్ళి ఆయన వద్ద శిష్యరికం చేశారు.

రాయ్ చౌదురి తరువాత 1957లో ఆ పీఠాన్ని అధిష్ఠించినవాడు కె.సి.ఎస్. పణిక్కర్. 1911లో కోయంబత్తూరులో పుట్టిన ఈయన కుటుంబ పోషణ కోసం తంతి తపాలా శాఖలో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, ఆ తరువాత చిత్రకళాశాలలో విద్యార్థిగా చేరాడు. కడుపు కోసం ఒక పని, మనసు కోసం మరొక పని చేయవలసి రావడం ఎంత నరకమో ఆయనకు మరొకరు చెప్పనక్కరలేదు. 1944లోనే ఆయన మద్రాసులో ప్రగతిశీల చిత్రకారుల సంఘాన్ని స్థాపించాడు. అధ్యక్షుడైన తరువాత ప్రతి ఏడూ ఒకే దృశ్యం ఆయన కంటబడుతూ వచ్చింది. ప్రతిభావంతులైన విద్యార్థులు అయిదారేళ్ళు కష్టపడి నేర్చుకొని, పట్టా పుచ్చుకొని, కళాశాల గేటు దాటగానే ఏమి చేయాలో తోచక నిలబడిపోయేవారు.

ఆనాటి మద్రాసులో చిత్రాలను ప్రదర్శించే శాలలు అరుదు. కొనేవారు అంతకంటె అరుదు. బొంబాయిలో, కలకత్తాలో, ఢిల్లీలో కళను ఆదరించే ధనిక వర్గమూ, విదేశీ రాయబార కార్యాలయాలూ, పత్రికా విమర్శకులూ ఉండేవారు. సంగీతానికీ, నాట్యానికీ సభలు కట్టి హారతులు పట్టిన మద్రాసు నగరం చిత్రకళను మాత్రం అంతగా పట్టించుకోలేదు. పట్టభద్రులైన యువకులలో కొందరు బడిపంతుళ్ళయ్యారు. కొందరు సినిమా ప్రకటనలు రాయడానికి కుదిరారు. కొందరు చేనేత కేంద్రాలలో చీరెల అంచులకు నమూనాలు గీసే ఉద్యోగాలలో చేరారు. ఇవేవీ చిన్నతనం తెచ్చే పనులు కావు. అయితే రోజంతా మరొకరి కోసం గీసిన చేయి ఇంటికి వచ్చి తన కోసం గీయడానికి నిరాకరించేది. పదేళ్ళు గడిచేసరికి చిత్రకారుడు పోయి ఉద్యోగి మిగిలేవాడు.

ఈ పరిస్థితికి విరుగుడు ఏమిటి? ప్రభుత్వానికి అర్జీలు పెట్టుకోవచ్చు. దాతల కోసం ఎదురుచూడవచ్చు. పణిక్కరూ, ఆయన శిష్యులూ ఈ రెండూ కాక మూడవ మార్గాన్ని ఎంచుకున్నారు.

మైనపు చుక్కలు

ఆ మార్గం పేరు బాటిక్. పద్ధతి బహు ప్రాచీనమైనది. తేనెమైనమూ, పారఫిన్ మైనమూ కలిపి కరిగించి, ఆ వేడి ద్రవంతో గుడ్డమీద బొమ్మ వేస్తారు. తరువాత గుడ్డను చల్లని రంగునీటిలో ముంచుతారు. మైనం తాకినచోట రంగు అంటదు. ఆరిన తరువాత మరికొంత భాగాన్ని మైనంతో కప్పి, ముదురు రంగులో మళ్ళీ ముంచుతారు. ఇలా లేత నుంచి ముదురుకు, పసుపు నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి నలుపుకు మెట్టు మెట్టుగా సాగుతుంది పని. గుడ్డ నలిగినప్పుడు మైనం చిట్లి, ఆ పగుళ్ళలోనికి రంగు పాకి, సాలెగూడు వంటి సన్నని గీతలు పడతాయి. ఏ ఇద్దరు చేసినా ఆ గీతలు ఒక్క తీరున రావు. ఒకడే రెండుసార్లు చేసినా రావు. చివరకు వేడినీటితోనో, ఇస్త్రీపెట్టెతోనో మైనాన్ని కరిగించి తీసివేస్తే చిత్రం బయటపడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కూడా పూర్వం నీలి రంగు అంటకూడని చోట్ల మైనాన్ని పూసేవారు కనుక ఈ కిటుకు తెలుగువారికి కొత్తది కాదు.

1960వ దశకం తొలి సంవత్సరాలలో ఈ యువకులు కళాకారుల చేతిపనుల సంఘాన్ని ఏర్పరచుకున్నారు. బాటిక్ గుడ్డలతోపాటు తోలు వస్తువులు, లోహపు పనులు, మట్టిపాత్రలు చేయసాగారు. వాటిని తామే ప్రదర్శించి, తామే అమ్మారు. దళారి లేడు. ధర నిర్ణయించే దుకాణదారుడు లేడు. చిత్రాలను చూసి పెదవి విరిచిన నగరం చేతిపనులను చూసి ముచ్చటపడింది. తైలవర్ణ చిత్రాన్ని కొనడానికి జంకిన గృహిణి గోడకు వ్రేలాడదీసే బాటిక్ తెరను సంతోషంగా కొనుక్కొని వెళ్ళింది. చేసినవారి వాటా వారికి ఇచ్చి, తక్కిన సొమ్మును సంఘం కూడబెట్టింది.

ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. చేతిపని జీవనానికి, చిత్రరచన తనకు అన్నదే వారు పెట్టుకున్న నియమం. చేతిపనికి కొన్ని గంటలు, సొంత సృష్టికి తక్కిన కాలం. బాటిక్ బాగా అమ్ముడుపోతున్నది కదా అని రోజంతా దానికే ధారపోస్తే మళ్ళీ పాత ఊబిలోనే దిగినట్లు అవుతుంది. ఈ గీతను దాటకుండా ఉండడానికి ఎంత నిగ్రహం కావాలో ఊహించవచ్చు. నెల చివర అప్పులవాడు తలుపు తట్టినప్పుడు, సగం వేసిన చిత్రాన్ని విడిచి అమ్ముడుపోయే గుడ్డను చేతిలోకి తీసుకోవాలని ఎవరికి అనిపించదు?

చోళమండలం

కూడబెట్టిన ఆ సొమ్ముతో 1966లో ఇంజంబాక్కం వద్ద సుమారు పది ఎకరాల భూమి కొన్నారు. ముప్పై మందికి పైగా కళాకారులు ఈ ప్రయత్నంలో పాల్గొన్నారు. సముద్రానికి చేరువలో ఇసుకనేల అది. నగరానికి దూరం. ఊళ్ళోవారికి ఈ గడ్డాల యువకులు ఎవరో, ఏమి చేస్తారో అంతుపట్టలేదు. తొలిరోజుల నివాసాలు పూరి కప్పులే. సౌకర్యాలు ఒక్కటొక్కటిగా, చాలా ఆలస్యంగా వచ్చాయి.

గ్రామానికి చోళమండలం అని పేరు పెట్టడంలో ఔచిత్యమున్నది. ఈ తీరాన్ని ఏలిన చోళ రాజుల పేరు మీదనే దీనికి చోళమండల తీరమని పేరు వచ్చింది. పాశ్చాత్య వర్తకుల నోట అదే కోరమాండల్ అయింది. ఆ చోళుల కాలంలోనే దక్షిణదేశపు కంచు విగ్రహాలు పరాకాష్ఠను అందుకున్నాయి. ఆధునికులమని చెప్పుకొనే ఈ యువకులు తమ గ్రామానికి వెయ్యేళ్ళనాటి పేరు పెట్టుకోవడం తమ వేళ్ళు ఎక్కడున్నవో ప్రకటించుకోవడమే.

1967లో పణిక్కర్ ఉద్యోగ విరమణ చేసి, శేషజీవితాన్ని ఈ గ్రామానికే అర్పించాడు. క్రమంగా ఇళ్ళు లేచాయి. పని చేసుకొనే శాలలు వచ్చాయి. నాటకాలకూ, నృత్యాలకూ, కవితా పఠనాలకూ ఆరుబయలు రంగస్థలం ఏర్పడింది. ఏడేళ్ళు, పదేళ్ళు గడిచేసరికి గ్రామం తన కాళ్ళమీద తాను నిలబడగలిగింది. 1977 జనవరిలో పణిక్కర్ కన్నుమూసేనాటికి ఆయన నాటిన మొక్క వేరు పట్టింది.

ప్రదర్శనశాలలో

గ్రామంలోని శాశ్వత ప్రదర్శనకు 2009లో విశాలమైన రూపం ఏర్పడింది. పాత భవనాన్ని పెంచి, సమకాలీన కళాకేంద్రంగా తీర్చి, అందులో మద్రాసు కళోద్యమానికి ఒక మ్యూజియం నెలకొల్పారు. సుమారు 1950 నుంచి 1980 వరకు దక్షిణదేశంలో వెలసిన ఆధునిక కళకు మద్రాసు ఉద్యమమని పేరు. ఇతర కళాకారులు స్వల్ప అద్దెకు తీసుకొని తమ పనులను ప్రదర్శించుకొనే శాలలు కూడా ఇదే ఆవరణలో ఉన్నాయి. కనుక ఇక్కడికి వచ్చినవారు నిన్నటి తరాన్నీ, నేటి తరాన్నీ ఒక్క పూటలో చూసి వెళ్ళగలరు.

చూడవచ్చిన సామాన్యునికి మొదట తోచే ప్రశ్న ఒకటే: దీని అర్థమేమిటి? ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి పణిక్కర్ చిత్రాలే తగిన చోటు. 1963 నుంచి ఆయన 'పదాలు, చిహ్నాలు' అనే పేరుతో చిత్ర పరంపర ఒకటి ప్రారంభించాడు. పటం నిండా మలయాళ లిపిని పోలిన అక్షరాలు, గణిత చిహ్నాలు, జాతక చక్రాలవంటి గళ్ళు, చిన్న చిన్న జంతువుల రూపాలు. అక్షరాలున్నవి కదా అని చదవబోతే ఏ మాటా పలకదు. చదవడానికి రాసినవి కావవి. తాతగారి పెట్టెలో పాత తాటాకు జాతకాన్ని చూసిన పిల్లవానికి అందులోని ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, దానిలో ఏదో తన ఇంటికి సంబంధించిన రహస్యం ఉన్నదని తోస్తుంది. పణిక్కర్ చిత్రం కోరేది ఆ చూపునే. ఐరోపా చిత్రకారుల మార్గాన్ని అనుకరించకుండా ఆధునికుడు కావడం ఎలా అన్న ప్రశ్నకు ఆయన చెప్పుకొన్న సమాధానం అది.

ఆయన దారిని శిష్యులు అనుసరించలేదు. అదే ఆ గురువు గొప్పతనం. జె. సుల్తాన్ అలీ బొంబాయిలో పుట్టి, మద్రాసులో రాయ్ చౌదురి వద్ద చదివి, 1950వ దశకం తొలినాళ్ళలో మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ పాఠశాలలో పిల్లలకు చిత్రకళ నేర్పాడు. ఢిల్లీలో లలితకళా అకాడమీ ఉద్యోగాన్ని ముగించుకొని చోళమండలంలో స్థిరపడ్డాడు. బస్తరు గిరిజనుల పురాణ గాథలు ఆయనను ఆవహించాయి. కొమ్ముల ఎద్దులు, పాములు, కళ్ళు విప్పార్చిన గ్రామదేవతలు, వాటి చుట్టూ అల్లుకొన్న లిపి ఆయన చిత్రాలలో కనిపిస్తాయి. జాతర రోజున పోలేరమ్మ గుడి ముందు నిలుచున్నవానికి కలిగే భయభక్తులే అవి చూసినప్పుడూ కలుగుతాయి.

మైసూరు నుంచి వచ్చిన ఎస్.జి. వాసుదేవ్ వృక్షాన్ని తన చిహ్నంగా చేసుకున్నాడు. కొమ్మ కొమ్మనా పక్షులతో, ఆకులతో, మనుషుల ఆకృతులతో నిండిన ఆ చెట్టు మచిలీపట్నం కలంకారీ తెరలమీది జీవవృక్షానికి దగ్గరి చుట్టం. చిత్రాలతోపాటు రాగిరేకులమీద ఉబ్బెత్తు శిల్పాలనూ ఆయన చేశాడు. 1970లో వెలువడిన 'సంస్కార' కన్నడ చలనచిత్రానికి కళాదర్శకత్వం వహించినది ఈయనే. ఆయన భార్య ఆర్నవాజ్ కూడా ఈ గ్రామపు చిత్రకారిణులలో పేరు గడించింది. 1988లో ఆమె అకాల మరణం పొందిన తరువాత వాసుదేవ్ బెంగుళూరుకు తరలిపోయాడు. కె.వి. హరిదాసన్ తాంత్రిక యంత్రాల త్రికోణాలనూ, బిందువులనూ తీసుకొని రంగుల ధ్యానం చేశాడు.

ఉద్యమంలో తెలుగువారి పాలు కూడా కొద్దిది కాదు. తూర్పుగోదావరి జిల్లాలో 1932లో జన్మించిన ఎం. రెడ్డెప్ప నాయుడు మద్రాసు చేనేత సేవాకేంద్రంలో ఉద్యోగం చేస్తూనే దేవతామూర్తులను ఆధునిక రేఖలలో మలచాడు. లెక్కకు చేతులు ఎన్నున్నా, ఆయుధాలు ఎన్నున్నా, ఆయన వినాయకుడిని చూసిన తెలుగువాడు ఇట్టే గుర్తుపట్టి నమస్కరించగలడు.

లోహం మాట్లాడినప్పుడు

మద్రాసు ఉద్యమానికి ప్రత్యేకత తెచ్చిన వాటిలో లోహశిల్పం ఒకటి. ఆలయాలలో మూలవిరాట్టుకు తొడిగే వెండి కవచాన్ని అందరూ చూసి ఉంటారు. పలుచని రేకును వెనుక నుంచి కొట్టి, ముందుకు రూపం ఉబికి వచ్చేటట్లు చేసే ఆ కంసాలి విద్యనే పి.వి. జానకిరాం ఆధునిక శిల్పానికి పనిముట్టుగా మార్చాడు. రాగిరేకును సుత్తితో కొట్టి, దానిమీద సన్నని లోహపు తీగలు అతికి, నగలూ, కనుబొమ్మలూ, కిరీటాలూ తీర్చాడు.

పణిక్కర్ కుమారుడు ఎస్. నందగోపాల్ ఆ సంప్రదాయాన్ని మరొక మెట్టు ఎక్కించాడు. మొదట భౌతికశాస్త్రం చదివి, తరువాత శిల్పం వైపు తిరిగిన నందగోపాల్ రాగి, ఇత్తడి ముక్కలను వెల్డింగుతో అతికి, ఎనామిల్ రంగులు పూసి, గరుత్మంతుడినీ, వీరులనూ, పక్షులనూ నిలబెట్టాడు. ఆయన శిల్పాల చుట్టూ తిరిగి చూడనక్కరలేదు. మకరతోరణం వెనుక నిలిచిన ఉత్సవమూర్తివలె అవి ఎదుట నిలిచి చూడవలసినవి. శిల్పమంటే నాలుగు దిక్కుల నుంచీ చూడదగినదై ఉండాలన్న పాశ్చాత్య సూత్రాన్ని ఆయన చల్లగా పక్కన పెట్టాడు. గ్రామపు వ్యవహారాలను చాలాకాలం భుజాన మోసిన ఆయన 2017లో మరణించాడు.

టోపీ పెట్టుకొన్న స్వాప్నికుడు

ఈ గ్రామ చరిత్రలో అందరి గుండెలనూ కలచివేసే పేరు కె. రామానుజం. మద్రాసులో ఒక సంప్రదాయ కుటుంబంలో పుట్టిన ఈ బాలుడికి చదువు అబ్బలేదు. మాట సరిగా పలికేది కాదు. లోకంలో ఎలా మెలగాలో తెలిసేది కాదు. తెలిసినదల్లా బొమ్మ వేయడమే. పణిక్కర్ ఆ ఒక్కటీ గుర్తించి, అతనిని చిత్రకళాశాలలో చేర్చుకొని, తరువాత చోళమండలంలో నీడ కల్పించాడు.

సిరాతో రామానుజం గీసిన చిత్రాలు వేరే లోకానికి చెందినవి. గోపురాలను మించిన రాజభవనాలు, రెక్కలు విప్పిన వింత మృగాలు, మెలికలు తిరిగే సర్పాలు, గాలిలో తేలే రథాలు. ఆ వైభవం నడుమ అప్సరసల సేవలందుకొంటూ టోపీ పెట్టుకొన్న ఒక చిన్న మనిషి. అతడు రామానుజమే. పగటి వెలుగులో తనను చూసి నవ్విన లోకానికి బదులుగా, తాను రాజుగా వెలిగే మరొక లోకాన్ని అతడు ఒక్కొక్క గీతా పేర్చుకొని కట్టుకున్నాడు. అంగుళం ఖాళీ లేకుండా నిండిన ఆ కాగితాలలో ఎక్కడా తొందర కనిపించదు.

1973లో, ముప్పైమూడు ఏళ్ళ వయసు దాటకముందే, రామానుజం తన జీవితాన్ని తానే ముగించుకున్నాడు. బ్రతికినన్నాళ్ళు గుర్తింపు కోసం అలమటించిన అతని చిత్రాలు నేడు దేశంలోని ప్రముఖ సేకరణలలో గౌరవ స్థానం పొందాయి. గ్రామం అతనికి గూడు ఇచ్చింది, తిండి పెట్టింది, తోటి చిత్రకారుల సాహచర్యం కల్పించింది. అయినా అతని ఒంటరితనాన్ని తీర్చలేకపోయింది. ఉమ్మడి జీవనం అన్ని గాయాలకూ మందు కాదన్న చేదు నిజాన్ని చోళమండలం చాలా ముందుగానే తెలుసుకోవలసి వచ్చింది. కాని ఆ గ్రామమే లేకపోతే ఆ కాగితాలు కూడా ఉండేవి కావన్నది అంతే నిజం.

ఉమ్మడి బండి, ఒంటరి బాట

కళాకారులు ఒక్కచోట కలిసి ఉండడం సాధ్యమేనా అని మొదట చాలామంది సందేహించారు. ఒకే వరలో రెండు కత్తులు ఇమడవని సామెత. ఇక్కడ ముప్పై కత్తులు. తగాదాలు రాకపోలేదు. విడిపోయినవారు లేకపోలేదు. అయినా గ్రామం చీలిపోకుండా నిలిచింది. దానికి కారణం దాని ఏర్పాటులోనే ఉన్నది. ఇల్లు ఎవరిది వారిది. చిత్రం ఎవరిది వారిది. ఏమి గీయాలో, ఎలా గీయాలో ఒకరికొకరు చెప్పరు. ఉమ్మడిగా ఉన్నవి రెండే: నేల, అంగడి. ప్రదర్శనశాలలో అమ్ముడైన ప్రతి వస్తువు ధరలోనూ కొంత భాగం సంఘానికి చేరుతుంది. శాలల అద్దెలు దానికి తోడు. ఆ డబ్బుతోనే ఆవరణ నిర్వహణ జరుగుతుంది. ఆశయాలు ఒకటి కావాలని పట్టుబట్టకుండా అవసరాలను మాత్రమే ఉమ్మడి చేసుకోవడం ఈ గ్రామపు తెలివి.

ఇక్కడ నుంచి ఎగిరిపోయిన పక్షులూ ఉన్నాయి. అక్కితం నారాయణన్, వేలు విశ్వనాథన్ 1960వ దశకం చివరలోనే పారిస్ చేరి, అక్కడే స్థిరపడి పేరు తెచ్చుకున్నారు. సి. డగ్లస్ కొంతకాలం జర్మనీలో ఉండి తిరిగి ఈ ఇసుకనేలకే వచ్చాడు. ఎం. సేనాధిపతి, పి. గోపీనాథ్, శిల్పి పి.ఎస్. నందన్ వంటివారు దశాబ్దాల తరబడి ఇక్కడే ఉండి పనిచేశారు. వెళ్ళినవారిని ద్రోహులని ఎవరూ అనలేదు. ఉన్నవారిని చేతగానివారని వెళ్ళినవారూ అనలేదు.

బాటిక్ మాట ఏమైనది? చిత్రాలకూ, శిల్పాలకూ కొనుగోలుదారులు పెరిగినకొద్దీ చేతిపనుల అవసరం తగ్గుతూ వచ్చింది. అయినా ఆ పని వృథా పోలేదు. మైనం, రేకు, తోలు చేతికి నేర్పిన పట్టు ఆ తరం చిత్రాలలోనూ శిల్పాలలోనూ నిలిచిపోయింది. చిత్రకారుడు పెద్ద, చేతిపనివాడు చిన్న అన్న భేదం పాశ్చాత్య విద్యతో మన దేశానికి వచ్చినది. మన కంసాలికి, మన కలంకారీ పనివానికి ఆ గోడ తెలియదు. బ్రతుకు తెరువు కోసం చేతిపని చేపట్టిన ఈ యువకులు తెలిసో తెలియకో ఆ గోడకు ఒక కన్నం పెట్టారు.

రేపటి మాట

2016 నాటికి చోళమండలానికి ఏభై ఏళ్ళు నిండాయి. స్థాపకులలో పెక్కుమంది ఇప్పుడు లేరు. వారి ఇళ్ళలో వారసులు ఉన్నారు. వారసులందరూ కుంచె పట్టినవారు కారు, పట్టాలని నిర్బంధించడమూ న్యాయం కాదు. ఒకప్పుడు ఎవరికీ అక్కరలేని ఈ ఇసుకనేల, తీరపు రహదారి విశాలమై నగరం దక్షిణానికి పాకిన తరువాత, బంగారం ధర పలుకుతున్నది. ఎకరాలను గజాలలో లెక్కించే రోజులు వచ్చాయి. చిత్రాలు అమ్మి కొన్న నేల, ఇప్పుడు చిత్రాలన్నిటికంటె ఖరీదైన వస్తువు. కళాకారుల గ్రామానికి ఇంతకంటె గట్టి పరీక్ష ఉండదు.

మరొక చిక్కు కూడా ఉన్నది. మ్యూజియం ఏర్పడిన ప్రతిచోటా వర్తమానం గతానికి కావలివాడుగా మారే ప్రమాదం పొంచి ఉంటుంది. నిన్నటివారి పటాలకు దుమ్ము దులపడంతోనే రోజు గడిచిపోతే, కొత్తగా పట్టా పుచ్చుకొని వీధిన నిలబడిన ఇరవై రెండేళ్ళ యువకునికి ఆ గ్రామం ఏమి చెప్పగలదు? అద్దె శాలలలో కొత్తవారి ప్రదర్శనలు జరగడం, బయటి కళాకారులు వచ్చి కొంతకాలం ఉండి పని చేసుకోవడం ఈ దృష్టితో చూసినప్పుడు చిన్న విషయాలు కావు. గ్రామం ఊపిరి తీస్తున్నదనడానికి అవే గుర్తులు.

నేటి యువ కళాకారునికి 1966 నాటి బాధలన్నీ లేవు. శాలలు పెరిగాయి, వేలంపాటలు వచ్చాయి, చేతిలోని ఫోనుతోనే తన చిత్రాన్ని లోకానికి చూపగలుగుతున్నాడు. కాని అసలు ప్రశ్న మారలేదు. ఎవరి దయా అక్కరలేకుండా, ఎవరి అభిరుచికీ లొంగకుండా, తాను గీయదలచినది గీస్తూ నాలుగు మెతుకులు తినడం ఎలా? ఈ ప్రశ్న విజయనగరంలోని విద్యార్థికీ ఉన్నది, వరంగల్లులోని విద్యార్థికీ ఉన్నది. వారందరూ వెళ్ళి సముద్రతీరాన భూములు కొనలేరు. ఆ ధరలు ఇక తిరిగి రావు. అయితే చోళమండలం నేర్పే పాఠం నేల ధరకు సంబంధించినది కాదు. పదిమంది కలిసి తమ చేతులకు వచ్చిన పనిని నమ్ముకోవచ్చు. దళారిని తప్పించి తామే అమ్ముకోవచ్చు. వచ్చిన దానిలో కొంత ఉమ్మడి పెట్టెలో వేసి, తక్కిన సమయాన్ని తమ కోసం దాచుకోవచ్చు. ఒక చిన్న పట్టణంలో అద్దెకు తీసుకొన్న ఒక్క గదిలోనైనా ఈ పని మొదలుపెట్టవచ్చు.

సెలవు రోజులలో మహాబలిపురం వెళ్ళే యాత్రికులు పల్లవుల రథాలను చూడాలన్న ఆత్రంలో ఇంజంబాక్కాన్ని దాటి వెళ్ళిపోతూ ఉంటారు. దారిలో ఒక్క గంట ఆగితే నష్టం లేదు. పదమూడు వందల ఏళ్ళ క్రిందట బండరాళ్ళను రథాలుగా మలచిన శిల్పులకు రాజుల అండ ఉన్నది. వారి పేర్లు మాత్రం మనకు తెలియవు. ఇక్కడి వారికి ఏ రాజూ లేడు. వారి పేర్లు ప్రతి పటం క్రిందా ఉన్నాయి.